ఆఖరి పట్టిక

అక్క పంపిన పేపరును చెల్లెలు గంటలో చదివేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. పోషకాహార పరిశోధనల్లో తప్పులు వెతకడం ఆమె ఉద్యోగం. ఎవరి పేపరైనా రెండు రోజులు పట్టుకుని పీకి పాకం పెడుతుంది. ఆఫీసులో ఆమెను భూతద్దం అంటారు. అలాంటి మనిషి ముప్పై పేజీలు గంటలో ముగించి, తన తనిఖీ జాబితాలోని గళ్లన్నిట్లో టిక్కులు కొట్టేసి, తీరిగ్గా టీ తాగింది.

అక్క డాక్టరు. అరవై దాటినవాళ్లు ప్రోటీన్ పొడి తాగితే కాళ్లకు బలం వస్తుందా అని నాలుగేళ్లు పరిశోధించింది. ఖర్చు పెట్టింది ఆ పొడి అమ్మే కంపెనీయే. ఆ మాట విన్న రోజే చెల్లెలి గుండెల్లో రాయి పడింది. కానీ, కంపెనీ డబ్బుతో చేసినంత మాత్రాన అబద్ధమైపోదు, లోపలికి వెళ్లి చూడాలి అని పదిమందికీ పాఠం చెప్పేది తనేగా. ఈ సాయంత్రంలోగా అక్క సంతకం పెట్టి పత్రికకు పంపాలి. “ఒకసారి చూడవే” అంది, అంతే.

కప్పు కడుగుతుంటే తట్టింది. మొదటి ప్రణాళిక తెరవనే లేదు! పరిశోధన మొదలుకాకముందే ఏం కొలుస్తారో రాసి, అందరికీ కనబడేలా నమోదు చేస్తారు. పేపరును దానితో పోల్చి చూడటం ఆమె చేసే మొట్టమొదటి పని. పరాయివాళ్లదైతే చేసేది. అక్కది కాబట్టి చెయ్యి అటు పోలేదు. ఛీ, ఇదేం బతుకు అని తనను తానే తిట్టుకుంటూ మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది.

అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరన్నదే ముఖ్యమైన కొలత అని ప్రణాళికలో ఉంది. పేపర్లో ఆ స్థానంలో కండ బరువు వచ్చి కూర్చుంది. కండ రవ్వంత పెరిగిందట, దాన్ని మొదటి పేజీలో నెత్తిన పెట్టుకుని ఊరేగించారు. కుర్చీ సంగతి ఆఖరి పట్టికలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అసలు పొడి తాగినవాళ్లకూ, ఉత్తుత్తి పొడి తాగినవాళ్లకూ తేడా లేదు.

చెల్లెలికి ఏడుపొచ్చింది. చిన్నప్పుడు తన లెక్కలు దిద్దింది ఈ అక్కే. తప్పు చూపించి, జవాబు చెప్పకుండా మళ్లీ చెయ్యమనేది. ఫోన్లో చెప్పే ధైర్యం లేక బస్సెక్కింది. నాలుగేళ్ల కష్టం మీద నీళ్లు చల్లితే ఇక నా మొహం చూస్తుందా అని దారి పొడవునా ఒకటే దిగులు.

అక్క ఆస్పత్రిలో తన గదిలోనే ఉంది. చెల్లెలు నిలబడే చెప్పేసింది.

“ముఖ్యమైన కొలతను మార్చేశారక్కా. నువ్వు దీనిమీద సంతకం పెట్టకు. ఇంకెవరైనా పంపుంటే తిప్పి కొట్టేదాన్ని.”

అక్క కుర్చీలో వెనక్కి వాలింది.

“హమ్మయ్య” అంది అక్క.

“హమ్మయ్య ఏంటి?”

“ఇది రాసింది నేను కాదే, కంపెనీవాళ్లు పెట్టిన రచయిత. నెల రోజులుగా తప్పని మొత్తుకుంటున్నాను. కండ పెరిగిన మాట నిజమేగా మేడమ్ అంటారు. అందరూ అదే పాట పాడేసరికి, నాదే చాదస్తమేమో అనిపించింది. అందుకే నీకేం చెప్పకుండా పంపాను. నువ్వు బాగుందంటే సంతకం పెట్టేసేదాన్ని.”

చెల్లెలు దొరికిన కుర్చీలో కూలబడింది. “మరి కంపెనీ ఊరుకుంటుందా?”

“ఊరుకోక ఏం చేస్తుంది? ఫలితం ఏదొచ్చినా అచ్చు వేసే హక్కు నాదేనని మొదటిరోజే ఒప్పందంలో రాయించుకున్నాను. పోయేది వాళ్ల మొదటి పేజీ. నా నాలుగేళ్లు ఎక్కడికీ పోలేదు.”

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొదటి పేజీ కొట్టేశారు. తేడా కనబడలేదన్న ఫలితాన్ని తొలి వాక్యంగా అక్క టైపు చేసింది. అప్పటిదాకా బిగబట్టుకున్న మాట చెల్లెలు అప్పుడు చెప్పింది.

“అక్కా, పొద్దున నేను బాగుందనే అనుకున్నాను. టిక్కులన్నీ పెట్టేశాను.”

అక్క చేతులు ఆగిపోయాయి. ఆమె మొహంలో రంగు పోయి, మెల్లగా తిరిగొచ్చింది. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఇంకెప్పుడూ నా పేపరు అంత ప్రేమగా చదవకే” అంది.