మా ఆడపడుచు కనిపెట్టిన చుక్క

మా ఆడపడుచును ఇంట్లో అందరూ గుడ్లగూబ అనేవాళ్లు. ఊరంతా ముసుగు తన్నే వేళకు ఆమె డాబా ఎక్కి దుర్భిణి ముందు కూర్చునేది. మా వైపు ఆడవాళ్లలో ఆ పనికి పూనుకున్నది ఆమే మొదలు. తగిన వరుడు భూమ్మీద దొరక్క పైన వెతుక్కుంటోందని మా ఆయన వేళాకోళం చేసేవాడు. ఆయనా పోయాడు, ఆవిడా పోయింది. ఇంటిని పురపాలక సంఘానికి రాసిచ్చి మరీ పోయింది.

ఇప్పుడు పక్క ఆసుపత్రికి కార్లు నిలుపుకునే జాగా కావాలట. స్మారక భవనాల కమిటీ ఔనంటే ఇల్లు నిలుస్తుంది, కాదంటే నేలమట్టమే. కమిటీ పెద్దాయన చూడటానికి వస్తున్నాడనగానే మా మరిదికి కాలు నిలవలేదు. ఎవరితోనూ చెప్పకుండా గుమ్మం పక్కన బోర్డు రాయించి నిలబెట్టాడు. 'నక్షత్రాన్ని కనిపెట్టిన మహనీయురాలి ఇల్లు' అని.

పెద్దాయన గడప దాటకుండా ఆ బోర్డు దగ్గరే ఆగిపోయాడు. ఆమె కనిపెట్టిన నక్షత్రం ఏదని అడిగాడు. మరిది వేలు పైకెత్తాడు. నడినెత్తిన సూర్యుడున్నాడు.

"అది అంతకుముందు నుంచే ఉందనుకుంటానండీ," అన్నాడు పెద్దాయన.

తర్వాత చేతిలోని ఫైలు చూసి, నవ్వకుండానే చెప్పాడు. ఆమె చూసిన నక్షత్రాన్ని ఆమె పుట్టకముందే వేరే ఎవరో కనిపెట్టారట. లేని గొప్ప రాసుకున్న ఇంటికి సంతకం పెడితే రేపు తన మొహాన ఉమ్మేస్తారట. ఫైలు మూసేశాడు. మరిది నా వైపు చూశాడు, ఏట్లో పడ్డవాడు గడ్డిపరకను చూసినట్టు.

నేను పెద్దాయనకు మా ఇంటి సంగతి చెప్పాను. పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టి ఉండమంటే పాలను కొత్తగా పుట్టించమని కాదు కదా. ఆమెదీ అదే మాట. ఆ చుక్క వెలుగు ఒకసారి తగ్గుతుంది, ఒకసారి పెరుగుతుంది. జ్వరం తగిలిన పిల్లను చూసుకున్నట్టు చూసుకునేది. పెళ్లికి రమ్మంటే, చుక్కను కనిపెట్టుకుని ఉండాలి, నాకు కుదరదనేది. ఆ మాట మా మరిది చెవిన సగమే పడి బోర్డెక్కింది.

"చివర నాలుగక్షరాలు తగ్గాయంతే కదండీ," అన్నాడు మరిది నీరసంగా.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా ఆవిడ కూడా పెళ్లయినప్పటి నుంచి నన్ను కనిపెట్టుకునే ఉందమ్మా. నాలో ఇంతవరకూ ఏమీ కనిపెట్టలేదట."

అప్పుడు డాబా ఎక్కాడు. పిట్టగోడ మీద ఆమె మోచెయ్యి ఆనించే చోట సున్నం అరిగి నున్నగా పల్లమైంది. ఆయన తన మోచెయ్యి అందులో పెట్టి, ఖాళీ ఆకాశం వైపు తలెత్తి చాలాసేపు నిలబడ్డాడు. కనిపెట్టినాయన నక్షత్రానికి పేరు పెట్టి వెళ్లిపోయాడనీ, దాని వాలకం తెలిసిందంటే ఇక్కడ కూర్చున్న మనిషి వల్లేననీ తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. కిందికి దిగి ఫైలు తెరిచాడు. ఇల్లు ఉంటుంది, బోర్డు మాత్రం సాయంత్రంలోగా సరిచెయ్యాలన్నాడు.

పెయింటరుకు కబురు వెళ్లింది. అతను కుంచె పట్టుకుని బోర్డును అటు నుంచీ ఇటు నుంచీ చూసి పెదవి విరిచాడు. 'కనిపెట్టుకుని ఉన్న' అంత పొడుగు మాట పట్టదు, రాయాలంటే కిందివరస ఖాళీ చెయ్యాలన్నాడు. కిందివరసలో మా మరిది పేరుంది, రాయించినవారు అని. మా ఆడపడుచు గురించి రాసిన అక్షరాలకంటే ఒక వేలెడు పెద్దగానే ఉంది.

"ఇంకాస్త సన్నగా రాయలేవా నాయనా?" అన్నాడు మరిది.

"రాస్తానండీ. చదవడానికి మీ అక్కగారి దుర్భిణి కావాలి."

మరిది కాసేపు తన పేరుకేసి చూశాడు. తర్వాత పెయింటరు చేతిలోంచి కిరసనాయిలు గుడ్డ లాక్కుని, తనే తుడవడం మొదలుపెట్టాడు.