ఎనిమిది అక్షరాలకు ముప్ఫై ఏడేళ్లు

భార్య ప్రేమ పోయిన నలభై రోజులకి జీవానందం కంప్యూటర్‌లో ఆ ఫైలు చూశాడు.

సండే స్కూలు పిల్లల కోసం ఆమె పాడి రికార్డు చేసిన పాటల మధ్య ఉంది. పాటలన్నీ తెరుచుకున్నాయి. అదొక్కటే పాస్‌వర్డ్ అడిగింది. లోపలున్నది వినపడదు గాని పేరు, సైజు, తేదీ పైకి కనపడుతున్నాయి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఆయనకి’ అని ఉంది. సైజు తొంభై అయిదు ఎంబీ. ఆ రకం రికార్డింగు నిమిషానికి పది ఎంబీ తీసుకుంటుంది. అంటే తొమ్మిది నిమిషాల పైచిలుకు ఆమె ఏదో మాట్లాడింది. తేదీ కిందటి ఏడాది మార్చి పంతొమ్మిది.

పుట్టినరోజు, పెళ్లిరోజు, వాళ్లమ్మ పేరు, నాగాయలంకలో పుట్టింటి వీధి పేరు, ఆమెకు ఇష్టమైన బైబిలు వాక్యాల నంబర్లు, అన్నీ కొట్టి చూశాడు. వారం తర్వాత మజీద్‌కి ఫోన్ చేశాడు.

ఇద్దరూ కలిసి బందరులో ఇరవై ఏళ్లు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపారు. అది మూతపడ్డాక మజీద్ గిలకలదిండి రేవులో చేపల బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేసుకుంటున్నాడు. జీవానందం మిగిలిన రెండు డెస్క్‌టాప్‌లు బందరు పక్క గూడూరులో ఇంటికి తెచ్చుకున్నాడు. ఒకదానిలో ప్రాసెసర్ కోర్ టూ డ్యుయో, రెండో దానిలో కోర్ టూ క్వాడ్. వీటిలో ఏది గట్టిదన్న మాట మీద ఇన్‌స్టిట్యూట్‌లో ఏళ్ల తరబడి వాదించుకున్నారు. డ్యుయోకి కోర్‌లు రెండే అయినా వేగం మూడు గిగాహెర్ట్జ్ అని మజీద్ దాన్నే మెచ్చుకునేవాడు. క్వాడ్ రెండున్నర కూడా లేదు, కానీ నాలుగు కోర్‌లున్నాయని జీవానందం దాన్ని వెనకేసుకొచ్చేవాడు.

మజీద్ వచ్చి, పాస్‌వర్డులు ఒక్కొక్కటే పెట్టి చూసుకుంటూ పోయే ప్రోగ్రాం రెండింటిలోనూ ఎక్కించాడు. ఇద్దరూ చెరో కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“డ్యుయో సెకనుకి నూట పది చూస్తోంది,” అన్నాడు మజీద్. “నీదెంత?”

“నూట ఎనభై.”

“టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరవడంలో నాదే ముందుండేది.”

“అక్కడ పని ఒకటే. ఒక కోర్ చేస్తుంటే మిగతావి ఊరికే కూర్చునేవి. ఇక్కడ ఎవరి వాటా వాళ్లు పంచుకోవచ్చు. నలుగురు కూర్చుంటే చిరిగిన వల బాగుచెయ్యడం తొందరగా అయిపోదూ, అట్టాగన్నమాట.”

“సరే, ఒప్పుకున్నా బావా. నీదే గెలిచింది.”

జీవానందం కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు.

“అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే అనుకుందాం. ఆరైతే క్వాడ్‌కి ఇరవై రోజులు. డ్యుయోకి ముప్ఫై రెండు.”

“అంతేగా. చూద్దాం.”

“ఎనిమిదైతే క్వాడ్‌కి ముప్ఫై ఏడేళ్లు.”

“డ్యుయోకి?”

“అరవై.”

మజీద్ అతని వైపు చూశాడు. జీవానందానికి యాభై ఎనిమిది నిండాయి.

“మధ్యలో అంకెలు కూడా కలిపి ఉంటే?”

“అయిదు వందలు. క్వాడ్‌కే.”

“ప్రేమ చెల్లెమ్మ అంత కష్టమైనవి పెడుతుందా బావా?”

“నేనే నేర్పాను. మన ఇన్‌స్టిట్యూట్ ప్రశ్నపత్రాలు బయటికి పోయినప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. పేర్లొద్దు, తేదీలొద్దు, పన్నెండుకి తగ్గొద్దు, ఎక్కడా రాసుకోవద్దు అని. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఆవిడొక్కతే చెప్పింది చెప్పినట్టు చేసింది.”

అయినా మొదలుపెట్టారు. పనిని రెండింటికీ పంచి, క్వాడ్‌కి ఎక్కువ వాటా ఇచ్చారు. సెప్టెంబరు ఉక్కకి మెషీన్ల వేడి తోడై ముందుగదిలో కూర్చోలేకపోయేవాళ్లు. జీవానందం వాటి పక్క రేకులు ఊడదీసి, టేబుల్ ఫ్యాన్ వాటి వైపు తిప్పి, తను గుమ్మంలో కూర్చునేవాడు. భోజనం ప్లేటు చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూ తినేవాడు. కరెంటు కోతలు పోను పద్నాలుగు రోజులకి ఆరు అక్షరాలు అయిపోయాయి. దొరకలేదు.

మజీద్ అల్లుడు అర్బాజ్ హైదరాబాదులో పనిచేస్తాడు. వాళ్ల ఆఫీసులో కొత్త మెషీన్లున్నాయి. ఫైలు అతనికి పంపుదామని మజీద్ అంటే, జీవానందం రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు. నెల తిరక్కముందే ఆ కుర్రాడు ఫోన్ చేశాడు.

“ఎనిమిది అక్షరాల దాకా అన్నీ చూశానండీ. లేదు. మీరన్నట్టు పన్నెండు ఉంటే ఏ మెషీనూ చాలదండీ. ఏమీ అనుకోకండి అంకుల్.”

“నువ్వేం చేస్తావు నాన్నా. ఉంటాను,” అని జీవానందం ఫోన్ పెట్టేశాడు.

వారం తర్వాత మజీద్ గూడూరు వచ్చేసరికి డ్యుయో ఆపేసి ఉంది. క్వాడ్ మాత్రం తిరుగుతూనే ఉంది.

“ఏడు అక్షరాలు పెట్టావా? అవి అర్బాజ్ చూసేశాడు కదా బావా.”

“తెలుసు.”

“మరి?”

జీవానందం ఫ్యాన్‌ని క్వాడ్ వైపు జరిపాడు.

“గుడివాడలో డయాలసిస్‌కి రెండేళ్లు తిప్పాను, నీకు తెలుసు. మొదలైన నాలుగు నెలలకే నా కిడ్నీ ఆవిడకి సరిపోతుందన్నారు. విజయవాడలో ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు. మొదటిసారి ఇన్‌స్టిట్యూట్ పిల్లల పరీక్షలున్నాయని ఆపించాను. రెండోసారి మార్చి పద్ధెనిమిది.”

“నీకు జ్వరమొచ్చిందన్నావు.”

“జ్వరం రాలేదు. భయమేసింది.”

మజీద్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“చెల్లెమ్మకి తెలుసా?”

“నుదుటి మీద చెయ్యేసి చూసింది. పర్వాలేదులెండి, ఇంకో డేట్ తీసుకుందాం అంది. మర్నాడు ఇది రికార్డు చేసింది. ఇంకో డేట్ వచ్చేసరికి గుండె బలహీనపడింది, ఆపరేషన్‌కి తట్టుకోదన్నారు. ఆవిడ మళ్లీ ఆ మాటెత్తలేదు. నేనూ ఎత్తలేదు.”

“తిట్టి ఉండదు బావా. మా చెల్లెమ్మ అట్టాంటి మనిషి కాదు.”

“తిట్టినా బాగుండేది. కూర్చుని వినేవాణ్ణి.”

మజీద్ లేచి వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాడు. ఇద్దరూ తాగారు. పొద్దు వాలేదాకా ఉండి, మళ్లీ ఆ సంగతి తేకుండా బందరు బస్సెక్కాడు.

డిసెంబరులో క్వాడ్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మజీద్ దాన్ని బందరు తీసుకెళ్లి నాలుగు షాపుల్లో చూపించాడు. బోర్డు పోయిందన్నారు. ప్రాసెసర్‌కేమీ కాలేదు, కానీ దాన్ని పెట్టుకునే బోర్డులు ఇప్పుడెక్కడా రావన్నారు. విజయవాడలో పాత సామాన్ల కొట్లలో రెండు దొరికాయి. రెండూ పనిచెయ్యలేదు.

అతను తిరిగొచ్చి ఈ మాట చెబుతుంటే జీవానందం డ్యుయో మీద దుమ్ము తుడుస్తున్నాడు. క్వాడ్‌లోని హార్డ్ డిస్క్ దానికి తగిలించి స్విచ్ వేశాడు. పాస్‌వర్డ్ పొడవు అడిగిన చోట పన్నెండు కొట్టాడు.

“ఎందుకు బావా,” అన్నాడు మజీద్, చిన్నగా.

జీవానందం తెర వైపే చూస్తున్నాడు. సెకనుకి నూట పది చొప్పున అది మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది.