ఎంగిలి పట్టకారు

మురికివాడ చివర రేకుల హాల్లో ఉచిత పళ్ల శిబిరం పెట్టింది మేనమామ. బాగా పేరున్న పళ్ల డాక్టరు. మేనకోడలు కూడా అదే చదువు ముగించి ఆయన క్లినిక్‌లోనే చేరింది. ఆ ఆదివారం పిల్లలకు పళ్లు తోముకోవడం నేర్పే పని ఆమెకు అప్పగించాడు. ప్లాస్టిక్ దవడ పట్టుకుని వరండాలో ఆమె చెబుతుంటే, పిల్లలు పేస్టు చప్పరించేసి మళ్లీ వేళ్లు చాపుతున్నారు. ఒక పాపకు ముందు పళ్లు నల్లగా మొదళ్లదాకా పుచ్చిపోయాయి. నవ్వితే కుళ్లు వాసన గుప్పుమంది. ఆమె మొహం తిప్పుకోలేదు.

దూది కోసం లోపలికి వెళ్లింది.

మామయ్య ఒక ముసలాయన దవడ పన్ను పీకి, పట్టకారును పక్కనున్న స్టీలు గిన్నెలో ముంచి ఆడించాడు. తువ్వాలుతో తుడిచి, అప్పుడే కుర్చీలో కూర్చున్న టైలరమ్మ నోటివైపు వంగాడు. గిన్నెలో నీళ్లు ఎర్రగా చిక్కబడ్డాయి. పైన చీము తెట్టె కట్టి ఉంది. ఒక చిగుళ్ల ముక్క తేలుతోంది.

"మామయ్యా, ఆగు! అలాగే పెట్టేస్తున్నావేంటి?"

"మందు నీళ్లేలే."

"మందు వాసనే లేదు. స్టెరిలైజర్ ఏది?"

"డిక్కీలో పట్టలేదు. బ్యానర్లు, పేస్టు డబ్బాలతోనే నిండిపోయింది." గొంతు తగ్గించాడు. "గోల చెయ్యకు. వీళ్ల నోళ్లు చూశావుగా? ఆ పట్టకారే నయం."

గిన్నెను చూసినప్పటికంటే ఆ మాట విన్నాక ఆమెకు ఎక్కువ రోత పుట్టింది. చిన్నప్పుడు తన గడ్డం పట్టుకుని పళ్లు తోమడం నేర్పింది ఈయనే.

గిన్నె తీసుకెళ్లి కాలవలో పారబోసి వచ్చింది. "ఇలా ఎవరి పన్నూ తియ్యడానికి వీల్లేదు" అంది అందరికీ వినపడేలా.

క్యూ అంతా ఆమె మీదే విరుచుకుపడింది. టైలరమ్మ చెంప బంతిలా వాచి ఉంది. "కంటిమీద కునుకు లేక చస్తున్నాను. నీ శుభ్రం నీ దగ్గరే ఉంచుకో తల్లీ! ముందు నా పన్ను పీకించు."

"నేను పీకుతాను. మీ ఇంట్లో ప్రెషర్ కుక్కరుందా? వీటిని కడిగి అందులో ఉడికించాలి."

"ఛీ ఛీ! ఎవరెవరి నోట్లో పెట్టినవో, మేం వండుకునే కుక్కర్లోనా?"

"కుక్కర్లోకి పనికిరానిది నోట్లోకి పనికొస్తుందా?"

టైలరమ్మ కుర్చీలోంచి చటుక్కున లేచింది. క్యూలో ఎవరో కాండ్రించి ఉమ్మారు. నోట్లో రక్తపు దూదితో ముసలాయన వెనక్కి వచ్చాడు.

"నాకంటే ముందు అది ఎవరి నోట్లో పెట్టావయ్యా?"

మామయ్య గ్లౌజులు పీకి నేలమీద పడేశాడు. "ఊరికే చేస్తుంటే ఇదీ మర్యాద!" అంటూ కారెక్కి వెళ్లిపోయాడు.

చివరికి టైలరమ్మే పిడి విరిగిన కుక్కరు తెచ్చింది. "ఇక ఇది నాకొద్దు. నువ్వే ఉంచుకో."

విజిళ్లు వచ్చి, పట్టకార్లు చల్లారేదాకా అందరూ కూర్చున్నారు. మేనకోడలు మొదట టైలరమ్మ పన్నే తీసింది. చీము చిమ్మి గ్లౌజు మీదుగా మణికట్టు దాకా కారింది. అసహ్యంతో ఒళ్లు జలదరించినా పట్టు వదల్లేదు.

మర్నాడు, మామయ్య చేత పళ్లు పీకించుకున్నవాళ్లను పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ఒకరి జబ్బు ఒకరికి అంటిందేమోనని రక్తపరీక్షలు చేయించింది. ఇప్పుడే ఏమీ తేలదు, కొన్ని వారాలాగి మళ్లీ రమ్మన్నారు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు కదమ్మా," అన్నాడు ముసలాయన.

ఆమె క్లినిక్ మానేసి, మామయ్య మీద ఫిర్యాదు చేసింది. అమ్మ ఫోన్లోనే ఏడ్చింది. "సొంత మేనమామనే బజారుకీడుస్తావా? ఆయన తిండి తిని పెరిగావే!"

"అదే తలుచుకుంటే కడుపులో దేవుతోందమ్మా."

రెండో పరీక్షల్లో ఎవరికీ ఏమీ లేదని తేలింది. కానీ ఆరోజు పన్ను పీకించుకున్న కూలీ ఒకతను పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. వాకబు చేస్తూ ఆమె ఇంకా తిరుగుతూనే ఉంది.