చాటలో చదువు

సుబ్బరత్నకు చదువెక్కువై మతి చెదిరిందని పక్కింటి పేరమ్మ పాలకేంద్రం దగ్గర చెప్పిందట. నాలుగున్నరేళ్ల పిల్లను కాన్వెంటు వ్యానెక్కించకుండా ఇంట్లో కూర్చోబెట్టి చాటలో చదువు చెబుతోందట. "పలక కొనే గతి కూడా లేదా ఆ మాల్యాద్రికి?" అని కూడా అన్నదట. పాలక్యాను ఇల్లు చేరేలోపే ఆ మాట మా వాకిట్లోకి వచ్చి పడింది.

నేను ఒక వెదురు చాటను. పేరమ్మ చెప్పిన చాటను నేనే. పొదిలి మేదరి నాగులమ్మ నన్ను అల్లింది. బద్ద చీల్చేటప్పుడు ఆమె వేలికి నేను పెట్టిన గాటు ఆమె ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది. మాల్యాద్రి తల్లి నన్ను సంతలో చూసి, వెలుతురుకెత్తి సందులు వెతికి మరీ తెచ్చుకుంది. నానబెట్టిన కాగితాలు, మెంతులు కలిపి రుబ్బి నా ఒళ్లంతా అలికింది. మనవరాలు జోషిత పుట్టినప్పుడు నాలో బియ్యం పోసి, ఆ బియ్యం మీద పిల్లను పడుకోబెట్టింది. ఆమె పోయాక కోడలు సుబ్బరత్న చేతికొచ్చాను. డిగ్రీ చదివిన చేయి, చెరగడం రాదు. మొదటి ఏడాదంతా పొట్టును నాలో భద్రంగా దాచి గింజలను వాకిట్లోకి ఎగరేసింది.

పిల్లకు నేర్పడంలో మాత్రం ఆమె చేయి చేయే! అయిదేళ్లు నిండాక ఊరి సర్కారు బడిలో వేద్దాం, అప్పటిదాకా నా దగ్గరే ఉంటుందని ఆమె పట్టు. నాలో ఇసుక పోసి 'అ' దిద్దించింది. అలసందలు, పెసలు, ఆవాలు కలిపి పోసి విడదీయమంది. కళ్లకు గుడ్డ కట్టి, వేళ్లతో తడిమి ఏ గింజో చెప్పమంది. పిల్ల తప్పు చెబితే గంతలు విప్పి చూసుకోమనేదే తప్ప కోప్పడేది కాదు.

ఒకరోజు అలసందల మీద తెల్లచుక్కలు చూసి జోషిత "వీటికి ముగ్గెవరు పెట్టారమ్మా?" అని అడిగింది. సుబ్బరత్నకు తెలియదు. తెలియదనే పిల్లకు చెప్పింది. నేనెరిగిన పెద్దవాళ్లలో ఆ మాట నోరారా అన్నది ఆమె ఒక్కతే. తల్లీకూతుళ్లు ఆ గింజలను సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి, రోజూ చూశారు. నెల తిరక్కముందే గింజకు గుండ్రటి కన్నం చేసుకుని ఒక గోధుమరంగు పురుగు బయటికొచ్చింది. ఆ తెల్లచుక్కల ముగ్గు పురుగు పెట్టిన గుడ్లన్నమాట! ఆ పూట పిల్ల అన్నం తినలేదు. సీసా వదిలితే గదా!

వేసవి చివర్లో కాన్వెంటు సారు పిల్లల్ని చేర్చుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చాడు. వంగి, "ఏ ఫర్?" అన్నాడు. జోషిత ఆయన చొక్కా గుండీలన్నీ వేలితో లెక్కపెట్టి, "ఒకటి ఊడింది" అంది. అరుగు మీదున్న నలుగురూ నవ్వారు. మాల్యాద్రి నవ్వలేదు.

"నలుగురిలో నవ్వులపాలు చేశావు గదే" అని, సారు వెళ్లాక పెళ్లాం మీద విసుక్కున్నాడు. "మళ్లీ ఆదివారం వస్తాడంట. ఆలోపు ఏబీసీడీ అప్పజెప్పిందా, సరే. లేకపోతే సోమవారం వ్యానెక్కాల్సిందే."

"ఏడింటికి వ్యానంటే ఆరింటికి లేపాల. పద్దెనిమిది కిలోమీటర్లు! అది ఇంకా నిద్దట్లో నోట్లో వేలు పెట్టుకుంటది."

"మిగతా పిల్లకాయలు పోవట్లా?"

సుబ్బరత్న బెదిరింది. నన్ను మేకుకు తగిలించి పుస్తకం పట్టింది. మూడు రోజులు ఇంట్లో ఏబీసీడీ తప్ప వేరే మాట లేదు. రోజుకు వంద ప్రశ్నలు వేసే పిల్ల మూడో రోజు ఒక్కటీ వేయలేదు. ఎలుకలు నా అంచు కొరికిన నాడు కూడా నాకంత దిగులు కలగలేదు.

శనివారం మృగశిర వాన దంచింది. అరెకరం చెలకలో విత్తడానికని మర్నాడు పొద్దున్నే మాల్యాద్రి అలసంద విత్తనం మూట దించి, నన్ను మేకు మీంచి తీశాడు. బెడ్డలు ఏరుతుంటే జోషిత వచ్చి నా అంచు పట్టుకుంది.

"నాన్నా, వీటిల్లో పురుగులుండాయి."

"బొక్క లేందే పురుగెట్టా ఉంటదే? పో, పోయి చదువుకో."

"బయటికి పోయేటప్పుడు పెట్టుకుంటది బొక్క. ఇప్పుడు లోపల తింటా ఉంది."

తెల్లచుక్కల గింజలను రెండు వేళ్లతో ఏరి పక్కన పెడుతూ పోయింది. మాల్యాద్రి నవ్వి, అందులో ఒకటి పంటికింద వేసి కొరికి, అరచేతిలో ఉమ్మాడు. తెల్లటి పురుగు ముడుచుకుని ఉంది. రెండోది కొరికాడు. మూడోది కొరకలేదు.

ఈ ఏడు విత్తనానికి బూడిద కలపడం మరిచింది తనేనని ఒప్పుకున్నాడు. మధ్యాహ్నందాకా ముగ్గురూ నా చుట్టూ కూర్చుని ఏరారు. తండ్రి వదిలేసినవి కూతురు మళ్లీ ఏరింది. మూడో వంతు విత్తనం పక్కకు పోయింది.

"బూడిద కలిపితే పురుగెందుకు రాదు నాన్నా?"

"మా అమ్మ కలిపేది" అన్నాడు మాల్యాద్రి. అది జవాబు కాదని అతనికీ తెలుసు. పిల్ల ఊరుకోలేదు. మూడు రోజుల ప్రశ్నలన్నీ ఆ పూటే అడిగింది. సుబ్బరత్న తలొంచుకుని ఏరుతూనే కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం సారు కాగితాలతో వచ్చాడు. మళ్లీ వంగి "ఏ ఫర్?" అన్నాడు. జోషిత తల్లి కొంగు చాటుకు పోయింది.

"చూశారా మాల్యాద్రి గారూ? ఇంట్లో పెట్టుకుంటే పిల్లలు ఇలాగే వెనకబడిపోతారు."

"నే చెప్పలా?" అంది పేరమ్మ, గోడ మీంచి.

సుబ్బరత్న మొగుడి ముఖం వైపు చూసింది. ఆమె వేళ్లు నా అంచును ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకే తెలుసు.

మాల్యాద్రి చేతులు దులుపుకుని లేచాడు.

"మీ బళ్లో మీరడిగితే పిల్లకాయలు చెప్తారు సార్. మా ఇంట్లో పిల్ల అడగతా ఉంటే మేమిద్దరం చెప్పలేక చస్తన్నాం. ఈ ఏడు ఇది ఏ వ్యానూ ఎక్కదు. ఆ కాగితం మీరే తీసకపోండి."