అమ్మానాన్నల ఇంటర్వ్యూ

మూడేళ్ల పిల్లకు బడిలో సీటు కావాలంటే అమ్మానాన్నలకు పరీక్షట, అదీ ఇంగ్లీషులో! ఈ పద్ధతి ఎవడు పెట్టాడో గానీ వాడి చేతులు పడిపోను. సీతాఫల్‌మండిలో మా పిల్లను పంపగలిగేంత దగ్గర్లో ఉన్న మంచి బడి అదొక్కటే. ఇద్దరిలో ఏ ఒక్కరికి నోరు పెగలకపోయినా సీటు పోయినట్టే. నేను తెలుగు మీడియంలో పదో తరగతి తప్పినదాన్ని. నా మూలంగా పిల్ల బతుకు ఎక్కడ పాడవుతుందోనని నాకు అన్నం సహించలేదు.

అందుకే మెట్టుగూడలో డోరా టీచరమ్మ దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. బందరు నుంచి వచ్చి ఇక్కడే ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. మా ఆయన సదాశివకు సంగతి తెలిసి ఒకటే నవ్వు. ఆయనది మోటార్ వైండింగ్ షాపు, షాపుకొచ్చే గిరాకీలతో నాలుగు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడతాడు.

"నీకెందుకే జగదాంబా గీ పరేషాన్? అంత నేనే చెప్త. నువ్వు తలకాయ ఊపు, చాలు."

తలకాయ ఊపాలట, నా బొంద!

టీచరమ్మ మాత్రం వదిలే రకం కాదు. రోజూ ఏం చేస్తావో చెప్పమంటే నేను "డైలీ ఐ యామ్ కుకింగ్" అనేదాన్ని.

"యామ్ కుకింగ్ అంటే ఇప్పుడు, ఈ నిమిషాన నీ చేతిలో గరిటె ఉండాలమ్మా. ఉందా?"

"లేదు టీచరమ్మా."

"మరి రోజూ చేసేదానికి ఐ కుక్ అంటే సరిపోతుంది కదా! ఆ తోక దేనికి?"

మనం 'వండుత' అంటే రోజూ వండేదీ అదే, రేపు వండేదీ అదే, ఎవరికీ తక్లీఫ్ లేదు. వీళ్లకు మాత్రం దేనికది వేరే కావాలి. బట్టలు ఉతికేటప్పుడు "ఐ యామ్ వాషింగ్" అని, ఆరేశాక "ఐ వాష్ ఎవ్రీ డే" అని గొణుక్కునేదాన్ని. పక్కింటి బుచ్చమ్మ నాకు గాలి సోకిందనుకుంది.

ఇంటర్వ్యూ రోజు, మంచాన పడ్డ మా అత్తను బుచ్చమ్మకు అప్పగించి బయలుదేరాం. మా ముందు లోపలికి పోయిన ఆలుమగలు ఇట్టే బయటికొచ్చేశారు. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. పిల్ల చేయి గట్టిగా పట్టుకున్నాను.

లోపల ప్రిన్సిపాల్ మేబెల్ మేడమ్ ముఖంలో నవ్వు లేదు. మా ఆయనను పేరు, పని అడిగింది. బట్టీ పట్టినవన్నీ గడగడా అప్పజెప్పాడు. ఆ తర్వాత బట్టీలో లేనిది అడిగింది. పాపను ఇంట్లో ఎవరు చూసుకుంటారు, మీ భార్య ఏం చేస్తారు అని.

మా ఆయన చెమట తుడుచుకున్నాడు.

"మై వైఫ్ నథింగ్ డూయింగ్ మేడమ్. సింప్లీ సిట్టింగ్ ఇన్ హౌస్."

ఏమీ చేయదట, ఊరికే ఇంట్లో కూర్చుంటుందట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మేడమ్ నా వైపు తిరిగి, "ఈజ్ దట్ సో?" అంది. టీచరమ్మ చెప్పిందేదీ గుర్తుకు రావడం లేదు. మేడమ్ చేయి బల్ల మీది గంట వైపు పోతోంది. ఆ గంట మోగితే తర్వాతివాళ్లు లోపలికొస్తారు, మేం బయటికి పోతాం. మా ఆయన మోచేత్తో పొడిచి, తల ఊపమని సైగ చేశాడు.

"నో మేడమ్!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో ఏమో, పిల్ల ఉలిక్కిపడింది.

"ఐ గెట్ అప్ ఫస్ట్. ఐ ఫిల్ వాటర్. ఐ కుక్. ఐ వాష్. హిస్ మదర్ కెనాట్ వాక్. ఐ లిఫ్ట్ హర్, ఐ క్లీన్ హర్, ఐ ఫీడ్ హర్. ఐ టీచ్ మై డాటర్. ఐ స్లీప్ లాస్ట్. ఎవ్రీ డే, మేడమ్. ఎవ్రీ డే."



"అండ్ నౌ?" అని మేడమ్ మెల్లగా అడిగింది. ఇప్పుడేం చేస్తున్నావు అని.

"నౌ ఐ యామ్ సిట్టింగ్, మేడమ్. టుడే, ఫస్ట్ టైమ్."

మేడమ్ మా ఆయనను చూసి, తెలుగులోనే, "ఆవిడ చెప్పింది నిజమేనా అండీ?" అంది. ఆయనకు అన్నీ అర్థమయ్యాయో లేదో తెలియదు గానీ, మదర్, లిఫ్ట్ అన్న మాటలు తెలుసు. తల దించుకున్నాడు.

"నిజమే మేడమ్. మా అమ్మను ఆమెనే లేపుతది. నేను... నేను ఒక్కపారి సుత లేపలే."

మేడమ్ సంతకం పెట్టి కాగితం నాకే ఇచ్చింది. "సోమవారం నుంచి పాపను పంపండి" అంది.

మా ఆయన దండాలు పెట్టుకుంటూ లేచి, పిల్లను ఎత్తుకున్నాడు. "నడువ్, అమ్మ ఎదురుచూస్తుంటది" అని నన్ను గుసగుసగా పిలిచాడు.

"నువ్వు పోయి లేపు. నేను జెరసేపు కూసుంట" అన్నాను.