గడియకు ఇవతల

"గడియ పెట్టుకో. రోజులు బాగాలేవు."

మిరపకాయలు ఆరబోసిన కళ్లానికి బయలుదేరుతూ అంకమ్మరావు అన్నాడు. ఎసరు మరుగుతోంది. లక్ష్మీదుర్గ బియ్యం కడిగిన చెయ్యి కొంగుకి తుడుచుకుని వెళ్లి, బుద్ధిగా గడియ పెట్టి వచ్చింది. నుదుటి మీద కట్టు కింద కుట్లు సలుపుతున్నాయి. ఎవరికి భయపడి పెట్టాలో ఈ గడియ! ఆ నుదురు పగలగొట్టిన మనిషి ఇప్పుడే కదా చెప్పులు టపటపలాడించుకుంటూ గడప దాటి వెళ్లాడు.

ఇంట్లోకి కేబుల్ వచ్చిన దగ్గర్నుంచీ రోజూ అన్నం వేళకి నేరాల ప్రోగ్రామే. తెర వెనక ఒక గొంతు ఒకటే అరుపు. ఎక్కడో ఏదో జరిగేది, ఇక్కడ ఈమెకి ఒక దారి మూసుకుపోయేది. ఒంగోల్లో ఎవరి మెళ్లోనో గొలుసు లాగారని చూపించిన వారమే అద్దంకిలో కుట్టు క్లాసు మాన్పించాడు. ఎక్కడో ఆటోలో ఎవరినో ఎత్తుకుపోయారంటే, పర్చూరులో పుట్టింటికి ఒంటరిగా వెళ్లడం ఆగిపోయింది. "నీ మంచికే చెప్తున్నా" అనేవాడు. "వాడికి నువ్వంటే ప్రాణమే అమ్మాయ్, అందుకే ఆ భయం" అనేది అత్తగారు సుబ్బరావమ్మ. అబ్బో, ఎంత ప్రాణమో! రోజంతా మిరపకాయల తొడిమలు తీసి చేతులు భగభగమంటుంటే, "కాస్త వెన్న రాసుకోవే" అని అనడానికి మాత్రం ఆ ప్రాణానికి నోరు వచ్చేది కాదు.

మొన్న సోమవారం జరిగిందీ పెద్ద విషయమేం కాదు. "అన్నం చల్లారిపోతోంది, రండి" అంటూ టీవీకి అడ్డంగా నిలబడింది. తెర మీద దొంగ గోడ దూకుతున్నాడట. చేతిలో ఉన్న స్టీలు చెంబు విసిరేశాడు. నెత్తురు కళ్లలోకి కారింది. ఊళ్లోని ఆరెంపీ డాక్టరు కుట్లు వేస్తూ "ఎలా తగిలిందమ్మా?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే అంకమ్మరావు "దొంగలండీ! దొడ్డివైపు నుంచి వచ్చారు" అనేశాడు. రోజూ వినీ వినీ నోట్లో సిద్ధంగా ఉన్న మాట, అడగ్గానే బయటికి వచ్చింది. బీపీ చూపించుకోడానికి వచ్చిన టీవీ విలేఖరి ఒకడు పక్క బల్ల మీంచి దిగ్గున లేచి కూర్చున్నాడు.

మర్నాటికి ఆ దొంగలు ఐదుగురయ్యారు. ముసుగులు వచ్చాయి, కత్తులు వచ్చాయి. వాళ్ల దొడ్డి తలుపు చుట్టూ ఎర్రగీత గీసి మళ్లీ మళ్లీ చూపించారు. పల్లెల్ని వణికిస్తున్న ముసుగు ముఠా అట! అంకమ్మరావు కాలు మీద కాలేసుకుని చూశాడు. చూసీ చూసీ నిజంగానే నమ్మాడో ఏమో, "చూశావా, నేను చెప్పలా?" అన్నాడు ఆమెతోనే. ఆ చెంబుకి అంటిన నెత్తురు ఆమే తోమింది. ఇంకెవరు తోముతారు? "ఇంటి గుట్టు బయట పెట్టబాక" అంది అత్తగారు. ఇల్లంతా టీవీలో కనపడుతుంటే ఇంకా గుట్టేమిటో. అయినా దుర్గ నోరు విప్పలేదు.

అన్నం వార్చేలోగా తలుపు దబదబా మోగింది. వాళ్ల చేలో మిరప్పళ్లు కోసే ఎలీసమ్మ గొంతు.

"అమ్మా, తలుపు తియ్యమ్మా! దొంగ దొరికాడంట. మన స్టీలు సామాన్ల ఇమాం హుస్సేనంట! కరెంటు స్తంభానికి కట్టేసి కొడతన్నారు. టీవీవాళ్లు కూడా వచ్చారు! కళ్లానికి పోయే అయ్యగారు కూడా అక్కడే ఆగిపోయాడు!"

దుర్గ గడియ తీసింది. ఇమాం హుస్సేనా! నెలనెలా సైకిలు మీద వచ్చి పాత చీరలు తీసుకుని సామాన్లిచ్చే మనిషి. ఆ చెంబు ఇచ్చింది కూడా అతనే. ఆమె పెళ్లిచీర తీసుకుని, "జరీ బాగుంది చెల్లెమ్మా, నీకు అన్యాయం చెయ్యను" అని గరిటె కూడా కలిపి ఇచ్చాడు.

"అతనేం చేశాడు?"

"ఇంటింటికీ తిరిగి రెక్కీ చేస్తన్నాడంట." ఆ మాట ఊరికి టీవీయే నేర్పింది. "ఈ దొంగల పుణ్యమా అని తెల్లారగట్ల కోతకి మా మగోళ్లు మమ్మల్ని పంపట్లా. సగం కూలి పోయింది. ఇప్పుడేమో ఈయన్ని చంపేట్టున్నారు."

దుర్గ వంటింట్లోకి వెళ్లి సొట్టపడ్డ చెంబు తీసుకుంది. సుబ్బరావమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఎక్కడికే? వాడెవడో పోతే మనకేంటి? మొగుణ్ణి బజారుకీడుస్తావా?"

"మీ అబ్బాయి బజార్లోనే ఉన్నాడు అత్తయ్యా. జరగండి."

స్తంభం దగ్గర ఊరంతా ఉంది. మైకు ముందు అంకమ్మరావు చేతులూపుతూ మాట్లాడుతున్నాడు. ఇమాం హుస్సేన్ పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది. దుర్గని చూసి తలెత్తాడు. విలేఖరి మొహం వెలిగిపోయింది.

"బాధితురాలే స్వయంగా వచ్చారు! చెప్పండమ్మా, మీ మీద దాడి చేసింది వీడేనా?"

అంకమ్మరావు కళ్లెర్రజేశాడు. "అవునని చెప్పు" అన్నాడు పళ్ల బిగువున.

"కాదు" అంది దుర్గ. "ఐదుగురు రాలేదండీ. ఒక్కడే. ముసుగూ లేదు, గోడా దూకలేదు. అన్నానికి రమ్మంటే మీ ప్రోగ్రాం పోతోందని ఈ చెంబుతో కొట్టాడు. ఇడుగో, మీ మైకు ముందు నిలబడ్డాడే, ఈయన. మీ ఎర్రగీత ఈయన చుట్టూ గియ్యండి."

విలేఖరి కెమెరా వాడి భుజం తట్టాడు.

"ఆపెయ్. ఇది వాళ్ల ఇంటి గొడవ. న్యూస్ కాదు."

కెమెరా దిగిపోయింది. దొంగ లేడని తేలగానే జనం కూడా పలచబడ్డారు. ఎలీసమ్మ, దుర్గ కలిసి తాళ్ల ముళ్లు విప్పారు. అద్దంకి వైపు నుంచి పోలీసు జీపు వస్తున్న చప్పుడు. అంకమ్మరావు దగ్గరగా వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇంటికి పద, చెప్తా."

దుర్గ చెయ్యి విడిపించుకుంది. చెంబు చంకలో పెట్టుకుని, జీపు ఆగే చోటికి నడిచింది.

"ఒంటరిగా ఆ ఇంటికా? రానండీ. రోజులు బాగాలేవు."