అన్న ఆఖరి మాట

దేవుని మహిమ కోసం రాసినదాంట్లో అబద్ధం ఉంటే అది పాపం కిందికి వస్తుందా అన్న అనుమానం నన్ను ఆరేళ్ళుగా వదల్లేదు. పాపాలు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి, ఫాదర్ గారి దగ్గర మోకరించిన ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. కోపాలూ అసూయలూ చెప్పుకుని లేచి వచ్చేసేవాణ్ణి.

మా అన్న అంతోని పంతొమ్మిది వందల డెబ్బై రెండు మే నెలలో, కొండపల్లి నుంచి వైద్యానికని వచ్చి, భవానీపురంలోని మా ఇంట్లోనే పోయాడు. అప్పుడు పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. తర్వాత ఆ సంగతి మా చర్చి పత్రికకు రాశాను. ఎనిమిదో తరగతితో ఆపినవాణ్ణి. చదివిందల్లా పునీతుల చరిత్రలే. వాళ్ళలాగే మా అన్న కూడా "యేసు, మరియ, యోసేపు" అంటూ కన్ను మూశాడని రాశాను. చదివినవాళ్ళు కంటతడి పెట్టారు. వదిన అమలమ్మ మాత్రం ఆనాటి నుంచి మా గడప తొక్కలేదు.

మొన్న ఫాదర్ గారు దాన్ని చిన్న పుస్తకంగా వేద్దామని, అన్న ఫోటో తెమ్మని అన్నారు. కొండపల్లి వెళ్ళాను. వదిన వాకిట్లో మిరపకాయలు దంచుతోంది. కూర్చోమనలేదు.

"ఫోటో ఇవ్వను" అంది. "నువ్వు రాసినాయన ఎవరో నాకు తెలీదు. జపమాల పట్టుకుంటే రెండో పూసకే గుర్రుపెట్టే మనిషి, పోయేటప్పుడు మూడు పేర్లూ వరసగా చెప్పాడా?"

"చివరి ఘడియల్లో మనసు మారుతుంది కదా, వదినా."

"నీకింకా మారలేదుగా." రోకలి ఆపలేదు. "ఫాదర్ గారిని పిలుచుకురమ్మని నన్ను తరిమింది నువ్వు. తిరిగొచ్చేసరికి ఆయన లేడు. ఇరవై రెండేళ్ళు కాపురం చేసి, మొగుడి ఆఖరి మాట పత్రికలో చదువుకున్నాను. అదీ నీ మాట. నాకు ఆయన మాట కావాలి. చెప్పి ఫోటో పట్టుకుపో. లేదంటే నడువు."

ఘాటుకు దగ్గు తెరలుతెరలుగా వచ్చింది. మంచినీళ్ళు ఇవ్వలేదు.

"అది రాయదగ్గ మాట కాదు, వదినా."

"నిన్ను రాయమన్నానా? చెప్పమన్నాను."

నేల చూస్తూ చెప్పాను. "మీరు వెళ్ళాక కళ్ళు తెరిచాడు. అమల ఏదీ అన్నాడు. ఫాదర్ గారి కోసం వెళ్ళిందన్నాను. తెగిన మీ చెప్పులు గుమ్మంలోనే అన్నకి కనిపించాయి. 'ఈ ఎండలో ఉత్తికాళ్ళతో పంపావా? ఇంటికి పోయేటప్పుడు నా చెప్పులు వేసుకుపొమ్మని చెప్పు' అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు."

రోకలి ఆగింది.

"ఇదెందుకు రాయలేదు?"

"నేను చదివిన పునీతులెవరూ పోయేటప్పుడు చెప్పుల ఊసెత్తలేదు."

"వాళ్ళకి పెళ్ళాలుంటేగా."

ఆమె ముఖం తుడుచుకోబోయి, చేతికి కారం ఉందని ఆగిపోయింది. కళ్ళు మాత్రం అప్పటికే ఎర్రబడ్డాయి.

"మళ్ళీ చెప్పు" అంది. "నీలా కాదు. ఆయన అన్నట్టు."

ఉత్తికాళ్ళతో పంపినందుకు అన్న నన్ను తిట్టిన తిట్టు ఒకటి, ఇందాక చెప్పేటప్పుడు నేను మింగేసింది, ఉంది. అన్న ఆమెకు ఇమ్మని నా చేతిలో పెట్టిన మాటని, ఆరేళ్ళకి, ఆ తిట్టుతో సహా అప్పజెప్పాను.